పక్కింటి పిల్లులు, మా కోడిపిల్లలు

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లె. ఇంటి వెనుక ఇరవై కుంటల దొడ్డి ఉంది. పది నాటు పెట్టలను, రెండు పుంజులను పెంచుతున్నాం. ఈ ఏడాది రెండు పెట్టలను పొదగేస్తే 19 పిల్లలు లేచాయి, నెల తిరిగేసరికి ఏడు మిగిలాయి. పక్కింటి అత్తమ్మకు (సొంత అత్తమ్మ కాదు, వరుసకు) రెండేళ్ళ కిందట ఒక్క పిల్లి ఉండేది, ఇప్పుడు ఆరు ఉన్నాయి. వాటిలో ఒకటి మా గడ్డివాములోనే ఈనింది. బూడిద రంగు పిల్లి ఒకటి కోడిపిల్లను నోట కరుచుకుని గోడ దూకడం నా కళ్ళతో చూశాను. అత్తమ్మను అడిగితే, "మా పిల్లులు పాలన్నం తప్ప ఇంకేమీ ముట్టవు, మీ కోళ్ళు మా మిరప నారుమడి గీకేస్తే నేనేమైనా అన్నానా?" అని మొహం తిప్పుకుంది. గుళికలు కలిపిన చేపముక్క పెడితే రెండు రోజుల్లో పీడ విరగడవుతుందని మా మరిది అంటున్నాడు. సంచిలో కట్టి సాగర్ కాలువ అవతల వదిలేద్దామని మా ఆయన అంటున్నారు. నాకు ఈ రెండూ మనసొప్పడం లేదు. పంచాయతీలో పెట్టమంటారా? అత్తమ్మతో మాట చెడకుండా నా కోడిపిల్లలు దక్కే దారి ఏదైనా ఉందా?

సమాధానం: అమ్మా, మీరు అడిగిన వాటిలో అన్నిటికంటే ముందు తేల్చవలసింది మీ మరిదిగారి సలహా కనుక దానితోనే మొదలుపెడతాను. ఆ చేపముక్క మీరు పెట్టవద్దు, ఇంట్లో ఎవరినీ పెట్టనివ్వవద్దు. మిరప పండించే ఇళ్ళలో పురుగుమందు చేతికందే దూరంలోనే ఉంటుంది కాబట్టి కోపం వచ్చిన పూట అటువైపు ఆలోచన పోవడం వింతేమీ కాదు. కానీ దొడ్డిలో పడేసిన విషపు ముక్క ఎవరి నోటికి చేరుతుందన్నది పెట్టినవాడి చేతిలో ఉండదు. దాన్ని ముందుగా పొడిచి చూసేది చాలాసార్లు మీ కోడే, సగం మిగిలిన ముక్క తినేది మీ వాకిట్లో పడుకునే కుక్కే, చచ్చిన పిల్లిని పీక్కుతిన్న కాకులూ గద్దలూ ఆ తర్వాత పోతాయి. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఇతరుల జంతువును చంపడం, దానికి విషం పెట్టడం ఐదేళ్ళ వరకు జైలుశిక్ష పడగల నేరం. పిల్లిని చంపినవాడు బంగారు పిల్లిని చేయించి దానమివ్వాలని పెద్దలు అనేవారు. ఈ రోజు బంగారం ధరకు ఆ మాట ఒక్కటే చాలు మరిదిగారిని ఆపడానికి.

మీ వారి ఆలోచనలో క్రూరత్వం తక్కువే గాని ఫలితం కూడా తక్కువే. సంచిలో కట్టి ఊరవతల వదిలిన పిల్లి వారం తిరక్కుండా వాకిట్లో ప్రత్యక్షమైన కథ లేని ఊరు మన వైపు లేదు. అది తిరిగి రాలేకపోతే తిండీ నీళ్ళూ లేక మాడుతుంది, అలా వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం తప్పే. ఒకటి పోయిన చోటికి ఇంకొకటి రావడానికి ఎంతో కాలం పట్టదు, ఎందుకంటే పిల్లి వచ్చేది మీ దొడ్డిలో దొరికే దాని కోసం, అది అక్కడే ఉంది. ఇప్పుడు వాములో ఈనిన తల్లినే పట్టుకెళ్ళారనుకోండి, కళ్ళు తెరవని పిల్లలు అక్కడే ఆకలికి చచ్చి కంపు కొడతాయి. పైగా సంచిలోకి తోయబోతే ఏ పిల్లీ ఊరుకోదు. కరిచినా రక్కినా గాయాన్ని ధారగా పడే నీళ్ళ కింద పావుగంట సబ్బుతో కడిగి, అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి కుక్కకాటుకు వేసే టీకాలు వేయించుకోవాలి, పిల్లి ద్వారా కూడా రేబిస్ వస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. మీకు పోయినవి పన్నెండు పిల్లలు, మీరు కళ్ళారా చూసింది ఒక్కటి. మిగిలిన పదకొండూ అత్తమ్మగారి పిల్లుల ఖాతాలోనే వేశారు. వేయడం సహజమే, నేనూ వేసినవాడినే. పశువైద్యశాలలో పనిచేసే రోజుల్లో మా ఇంట్లోనూ నాలుగు పెట్టలుండేవి. వరుసగా మూడు రాత్రులు గంప కింద పిల్లల లెక్క తగ్గుతూ వచ్చింది. వీధి చివరి ఇంటి నల్లపిల్లి మీద నింద వేసి, ఆ ఇంటివాళ్ళను నాలుగు మాటలు కూడా అన్నాను. నాలుగోనాడు తెల్లవారి గంప ఎత్తితే, పొట్ట మీద రెండు చోట్ల ఉబ్బులతో ఒక జెర్రిపోతు కదలలేక చుట్టుకుని ఉంది, తల్లికోడి మూలకు నక్కి ఈకలు నిక్కించుకుని చూస్తోంది. లోపలికి వచ్చేటప్పుడు గంప అల్లికలో పట్టిన ఒళ్ళు, మింగిన తర్వాత బయటికి పట్టలేదు. ఆ ఇంటి మెట్లెక్కి తప్పు ఒప్పుకోవడానికి నాకు పది రోజులు పట్టింది.

అందుకని అత్తమ్మగారి దగ్గరికి రెండోసారి వెళ్ళేముందు ఒక వారం పాటు ఈ పని చేయండి. సాయంత్రం కోళ్ళు గూట్లో సర్దుకున్నాక, గూటి చుట్టూ మూరెడు వెడల్పున జల్లించిన కట్టెల బూడిద పలచగా చల్లండి. తెల్లవారగానే ఎవరూ తొక్కకముందే దాన్ని చూడండి. పిల్లి అడుగు గుండ్రంగా ఉంటుంది, నాలుగు వేళ్ళు పడతాయి, గోళ్ళ గుర్తు ఉండదు, ఎందుకంటే నడిచేటప్పుడు అది గోళ్ళను లోపలికి ముడుచుకుంటుంది. కుక్క అడుగులో నాలుగు వేళ్ళతో పాటు గోళ్ళ మొనలు కూడా కనిపిస్తాయి. ముంగిస అడుగు చిన్నది, ఐదు వేళ్ళూ ముందుకు పొడుచుకొచ్చిన గోళ్ళూ ఉంటాయి, కానీ అది పగటి జంతువు కనుక బూడిద మధ్యాహ్నం కూడా చల్లి చూడాలి. పాము పోతే గీత పడుతుంది. పోయిన తీరు కూడా కొంత చెబుతుంది. పట్టపగలు తల్లికోడి ఒక్కసారిగా అరిచి పిల్లలన్నీ పొదల కిందికి పరుగెత్తి, లెక్కపెడితే ఒకటి తక్కువైతే అది గద్దో డేగో తన్నుకుపోయిందని అర్థం. గూట్లోనే మూడు నాలుగు మెడ దగ్గర కొరికి చంపి పడేసి ఉంటే ముంగిసను అనుమానించాలి. గూటి నేలలో కొత్తగా బొరియ కనబడి, దాని మూతి దగ్గర ఈకలుంటే పందికొక్కు పని. ఇంటిపిల్లి మాత్రం సాధారణంగా ఒక్కదాన్ని పట్టుకుని, శబ్దం లేకుండా, తనకు నచ్చిన చోటికి తీసుకుపోయి తింటుంది. అందుకే పిల్లి తిన్న చోట మనకు గుర్తులు దొరకవు, దొరకనివన్నీ పిల్లివే అనిపిస్తాయి.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. పిల్లలు కాక ఎదిగిన పెట్టలు కూడా రాత్రిపూట మాయమవుతుంటే అది ఇంటిపిల్లి కాకపోవచ్చు. పొలాల గట్ల మీద, చెరువు తుంగలో తిరిగే అడవిపిల్లి ఇంటిపిల్లి కంటే పొడుగు కాళ్ళతో, ఒళ్ళంతా ఇసుక రంగులో, పొట్టి తోక చివర నల్లని పట్టీలతో ఉంటుంది, చెవుల కొసన చిన్న నల్ల వెంట్రుకల కుచ్చు కనిపిస్తుంది. దానికి పెట్టను మోసుకుపోగల బలం ఉంది. అడవిపిల్లికీ ముంగిసకూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది కాబట్టి వాటికి ఉచ్చు వేయకూడదు. వాటి విషయంలోనైనా, అత్తమ్మగారి పిల్లుల విషయంలోనైనా మీరు చేయవలసిన మొదటి పని ఒకటే: పిల్లల్ని వాటికి అందకుండా ఉంచడం. పిల్లిని రావద్దనే శక్తి మీకు లేదు, ఆ మాటకొస్తే పెంచుతున్న అత్తమ్మగారికీ లేదు.

అసలు పిల్లి మీ దొడ్డిలోకి ఎందుకు అలవాటు పడిందో ఒకసారి ఆలోచించండి. కోళ్ళకు నూకలు, తవుడు నేల మీద చల్లుతాం, అవి తినగా మిగిలినది రాత్రికి ఎలుకల పాలవుతుంది, ఎలుకల కోసం పిల్లి వస్తుంది, వచ్చిన పిల్లికి దారిలో కోడిపిల్ల కనిపిస్తుంది. అది మొదట వచ్చింది కోడిపిల్ల కోసం కాకపోవచ్చు. కాబట్టి మేత పొద్దున ఒకసారి, మధ్యాహ్నం మూడు దాటాక ఒకసారి, అరగంటలో తినేసేంతే వేసి, చీకటి పడే వేళకు నేల శుభ్రంగా ఉండేటట్టు చూడండి. మేత బస్తాలను మూత ఉన్న రేకు డబ్బాలోకి మార్చండి. ఇంకో అలవాటు మనందరి ఇళ్ళలోనూ ఉంది: చచ్చిన కోడిపిల్లను గోడ అవతలికి విసిరేస్తాం, పండగనాడు కోడిని కోసి పేగులూ తలా చెట్టు మొదట్లో పడేస్తాం. కోడిపిల్ల రుచిని పిల్లికి నేర్పేది మనమే. కొక్కెర రోగం వచ్చిన రోజుల్లో ఇలా విసిరేసిన పిల్లలు పిల్లులకు ఆ రుచి అలవాటు చేయడమే కాక రోగాన్ని పక్క దొడ్లకు కూడా పాకిస్తాయి. చచ్చినవాటిని, కోత మిగులును రెండడుగుల లోతున సున్నం చల్లి పూడ్చండి. కోళ్ళు మట్టిస్నానం చేసే గుంటను రాత్రి ఒక పాత రేకుతో మూసి ఉంచితే మంచిది, మెత్తని పొడిమట్టి కనబడితే పిల్లులు దాన్నే మరుగుదొడ్డి చేసుకుంటాయి, వాటి మలంలో ఉండే పరాన్నజీవులు ఆ మట్టి గీకే కోళ్ళకు అంటుతాయి.

ఇక గూడు. నాటుకోడి పిల్లకు ప్రమాదకాలం మొదటి రెండు నెలలు. పెరటి పెంపకం కోసం వనరాజా, గ్రామప్రియ రకాలను రూపొందించిన హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ కూడా ఆ పిల్లలను ఆరు వారాలు లోపల పెంచాకే బయటికి వదలమని చెబుతుంది. మన నాటుపిల్లల ఎదుగుదల అంతకంటే నిదానం కనుక ఎనిమిది వారాలు లెక్కపెట్టుకోండి. ఆ తర్వాత పిల్ల పరుగందుకుంటుంది, చిన్న కొమ్మ మీదికి ఎగరగలుగుతుంది, ఎదిగిన పెట్ట జోలికి ఇంటిపిల్లి సాధారణంగా పోదు. తల్లికోడి రెక్కలు విప్పి ముక్కుతో పిల్లి ముట్టె మీద పొడిస్తే వెనక్కి తగ్గిన పిల్లులను నేను చాలాసార్లు చూశాను. మీరు కాపాడవలసింది ఏడాది పొడవునా పన్నెండు కోళ్ళను కాదు, ఒక్కొక్క పొదుగుకు ఎనిమిది వారాల పాటు పిల్లలను. అలా చూస్తే పని చిన్నదవుతుంది.

మన ఇళ్ళలో ఉన్న వెదురుగంప పగటివేళ కాసేపటికి సరిపోతుందే గాని రాత్రికి చాలదు. పిల్లి గంప పక్కన పడుకుని అల్లిక సందులోంచి పంజా పెట్టి, గోటికి తగిలిన పిల్లను లాగుతుంది, తేలిక గంపనైతే తలతో ఎత్తేస్తుంది. గంప మీద రాయి పెట్టడం పాత పద్ధతే, మంచిదే, కాని సందులకు అది మందు కాదు. దానికి నేను చాలామందికి చెప్పి చేయించిన ఉపాయం ఒకటుంది. నులక ఊడిపోయి వసారాలో మూలన పడేసిన మంచం మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. ఆ మంచం చట్రాన్ని నాలుగు కాళ్ళ మీద మామూలుగానే నిలబెట్టి, నులక ఉండే చోట పైన, చుట్టూ నాలుగు వైపులా అర అంగుళం కంతల వెల్డ్ మెష్‌ను, అంటే తీగలు అతికించిన గట్టి ఇనుప జాలీని, బిగించండి. దుకాణంలో కోళ్ళ జాలీ అని ఇచ్చే ఆరుమూలల కంతల పలచని తీగ తీసుకోవద్దు, అది కోళ్ళను లోపల ఉంచుతుందే గాని బయటివాటిని ఆపదు, కుక్క ఒక్కసారి పళ్ళతో పట్టి లాగితే చిరుగుతుంది. ఒక పక్క జానెడు తలుపు పెట్టి, దానికి తోసుకుంటే ఊడిపోయే కొక్కెం కాకుండా తిప్పే గడియ వేయండి. నాలుగు వైపులా జాలీ అంచు అడుగు మేర బయటికి నేల మీద పరిచి ఉండేలా కత్తిరించి, దాని మీద ఇటుకలు పేర్చితే ముంగిస, పందికొక్కు అంచు దగ్గర తవ్వబోయి జాలీ తగిలి ఆగిపోతాయి. సగం పైకప్పు మీద తాటాకు కప్పండి, ఎండకు నీడ, గద్దకు మరుగు. ఆరడుగుల మంచం కింద ఒక పెట్ట, పది పన్నెండు పిల్లలు రెండు నెలలు హాయిగా ఉంటాయి. మీకు ఒకేసారి రెండు పెట్టలు పొదిగాయి కాబట్టి రెండు మంచాలు కావాలి, రెండు తల్లులను ఒకచోట పెడితే పిల్లలను తొక్కి పోట్లాడుకుంటాయి. నాలుగు రోజులకొకసారి మంచాన్ని కొత్త నేల మీదికి జరిపితే రెట్టల వాసన ఉండదు, పిల్లలకు పురుగులూ పచ్చికా దొరుకుతాయి. నాలుగో వారం దాటాక, మీరు దొడ్డిలో ఉన్నప్పుడు, ఎండ ఎక్కిన తొమ్మిదింటి నుంచి నాలుగింటిలోపు తల్లితో సహా బయటికి వదలవచ్చు. పిల్లి వేటకు ఇష్టపడేది తెల్లవారుజాము, మునిమాపు వేళలు. ఆ రెండు వేళల్లో మాత్రం పిల్లలు మంచం కిందే ఉండాలి.

రాత్రి పెద్దకోళ్ళ గూడును కూడా ఒకసారి లాంతరు లోపల పెట్టి బయటనుంచి చూడండి. వెలుగు ఎక్కడెక్కడ బయటికి కారుతుందో అక్కడక్కడ దారి ఉన్నట్టే. నీళ్ళు పోవడానికి వదిలిన తూములోంచి ముంగిస రావడం మనం మరిచిపోయే సంగతి. గడ్డివాము, గూడు పక్కపక్కన ఉంటే వాటి మధ్య దూరం పెంచండి, వాము పిల్లికి నక్కి కూర్చోవడానికి అనువైన చోటు. దొడ్డి మొత్తానికి పైన వల వేయించే స్తోమత ఉంటే చేపలవాళ్ళు తీసేసిన పాత వలలు చవగ్గా దొరుకుతాయి. గద్దలకు అవి బాగా పనిచేస్తాయి, పిల్లికి అంతగా కాదు.

గోడ మీద తుమ్మకంప పరవడం కొంత మేలు, దూకే చోటు ఒకటే అయినప్పుడు. గోడ పక్కన ఎర్రనీళ్ళ సీసాలు వేలాడదీయడం వల్ల ఎవరికి మేలో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు, సీసా నీడలోనే పిల్లి పడుకుని నిద్రపోవడం చూశాను. కారప్పొడి చల్లితే గాలికి మీ కోళ్ళ కళ్ళల్లోనే పడుతుంది. కలరా ఉండలు కోళ్ళు పొడిచి తింటాయి, అవి వాటికి విషం. కుక్కపిల్లను కోడిపిల్లలతో పాటు పెంచితే పెద్దయ్యాక కాపలా కాస్తుంది, అయితే అది ఈ పొదుగుకు అందివచ్చే పని కాదు. దొడ్డిలో పిల్లి కనిపిస్తే చెంబెడు నీళ్ళు దాని పక్కన విసరండి, చాలు. రాయి వద్దు, ఆ రాయి గురించి సాయంత్రానికల్లా అత్తమ్మగారికి తెలుస్తుంది.

ఇప్పుడు అత్తమ్మగారి దగ్గరికి వెళ్దాం. మీ ఉత్తరంలో మీరు మామూలుగా రాసేసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను: మీ కోళ్ళు ఆవిడ మిరప నారుమడిని గీకాయి. ఖమ్మం జిల్లాలో మిరప నారంటే ఏమిటో మీకు నేను చెప్పాలా? విత్తనం ధర, మడికి పోసిన పశువుల ఎరువు, నలభై రోజుల నీళ్ళు, అన్నీ కోడి కాళ్ళ కింద పోయినా ఆవిడ అప్పుడు నోరెత్తలేదు. మీరు పిల్లి గురించి అడిగిన రోజున మాత్రమే బయటపెట్టింది. ఆవిడ మొహం తిప్పుకున్నది పిల్లి మాటకు కాదు, ఆ మడి గురించి మీరు ఒక్క మాటా అనలేదన్న కష్టానికి అని నా అనుమానం. కాబట్టి ఈసారి పిల్లి సంగతితో వెళ్ళకండి. మంచాలు సిద్ధమై, పిల్లలు వాటి కిందికి చేరిన తర్వాత, అంటే మీరు చేయవలసినది చేసిన తర్వాత, ఆవిడ మడి చుట్టూ మీ చేతులతో వల కట్టి, "అత్తమ్మా, మా కోళ్ళు చేసిన నష్టం నేను ముందే చూసుకోవలసింది. ఇక నుంచి మీ నారు పెరికేదాకా పొద్దున పదింటిదాకా వాటిని గూట్లోనే ఉంచుతాను" అని చెప్పండి. చెప్పి ఆ రోజుకు లేచి వచ్చేయండి. రెండో మాట ఆవిడే ఎత్తుతుంది.

ఎత్తినప్పుడు మీరు అడగవలసినవి రెండే. మొదటిది తిండి. ఆవిడ పిల్లులు పాలన్నం తప్ప ముట్టవన్న మాట నిజమే అయితే, వాటి వేటకు సగం కారణం అదే అయి ఉంటుంది. పిల్లి మాంసాహారి, పాలన్నంతో దాని కడుపు నిండుతుంది గాని ఒంటికి కావలసినవన్నీ అందవు. ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2021లో ప్రచురించిన పరిశీలనలో, మాంసం ఎక్కువగా ఉన్న తిండి పెట్టిన పిల్లులు ఇంటికి తెచ్చే వేట 36 శాతం తగ్గింది, యజమానులు రోజూ ఐదు పది నిమిషాలు ఆడించిన పిల్లులది 25 శాతం తగ్గింది. మెడలో గంట కట్టినందువల్ల చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదు. పిల్లి మెడలో గంట ఎవరు కడతారని ఇన్నేళ్ళుగా అడుగుతున్నాం, కట్టినా లాభం లేదన్నమాట. మన ఇళ్ళలో దీనికి ఖర్చేమీ లేదు. చేపలు చేసిన రోజు తలలూ తోకలూ ఉప్పు లేకుండా ఉడికించి, మిగతా రోజుల్లో ఒక గుడ్డు ఉడికించి చిదిమి అన్నంలో కలిపితే చాలు, ఎండుచేపలైతే ఉప్పు పోయేదాకా నానబెట్టాలి. పెట్టే వేళ కూడా ముఖ్యం: పొద్దు గూకక ముందే, రోజూ ఒకే వేళకు, ఆవిడ ఇంటి వెనుకే పెట్టాలి. వారానికి రెండు గుడ్లు మీ వంతుగా పంపండి. పన్నెండు పిల్లలు పోగొట్టుకున్నదాని ముందు అది నష్టం కాదు.

రెండోది ఆపరేషన్. ఒక్క పిల్లి రెండేళ్ళలో ఆరు కావడానికి మాయలేమీ అక్కర్లేదు. ఆడపిల్లి నాలుగైదు నెలలకే ఎదకు రావచ్చు, చూలు 63 నుంచి 65 రోజులు, పిల్లలకు పాలిస్తూనే మళ్ళీ చూలు కట్టగలదు. మీరు వచ్చే ఏటికి ఆరు పిల్లులతో సర్దుకున్నా అప్పటికి అవి ఆరు ఉండవు. ఐదు నెలలు దాటిన ఆడపిల్లులకు గర్భసంచి తీయించి, గండుపిల్లులకు కూడా ఆపరేషన్ చేయిస్తే సంతతి ఆగిపోతుంది, గండుపిల్లుల తిరుగుడూ రాత్రి పోట్లాటలూ బాగా తగ్గుతాయి. దానితో వేట మానేస్తాయని మాత్రం నేను చెప్పను. మీ మండల పశువైద్యశాలలో డాక్టరుగారిని అడిగితే ఆపరేషన్ అక్కడే చేస్తారో, జిల్లా కేంద్రానికి తీసుకువెళ్ళాలో, ముందురోజు ఎన్ని గంటల నుంచి తిండి ఆపాలో చెబుతారు. అదే రోజున రేబిస్ టీకా గురించి కూడా అడగండి. తీసుకువెళ్ళడానికి బోను లేకపోతే మామిడికాయల ప్లాస్టిక్ ట్రేలు రెండింటిని ఒకదానిపై ఒకటి బోర్లించి తాడుతో గట్టిగా కడితే సరిపోతుంది. పిల్లికి గాలి ఆడుతుంది, మోసేవారి చేతులు రక్కుళ్ళు పడకుండా ఉంటాయి. పెద్దావిడ ఒక్కరే ఆటోలో పిల్లిని పెట్టుకుని మండల కేంద్రానికి వెళ్ళలేక ఈ పని ఇన్నాళ్ళూ ఆగి ఉండవచ్చు. మీ వారు కాలువ అవతలికి వెళ్ళాలనుకున్న బండినే ఇటు తిప్పమనండి.

పంచాయతీ సంగతి అడిగారు. పశువులు చేనులో పడితే బందెలదొడ్డికి తోలే అధికారం 1871 నాటి పశువుల అక్రమ ప్రవేశ చట్టం ఇస్తుంది. గేదె, గొర్రె, మేక, పంది, చివరికి ఏనుగు, ఒంటె కూడా ఆ జాబితాలో ఉన్నాయి, పిల్లి లేదు, కోడీ లేదు. పెద్దమనుషుల ముందు పెడితే మీరు పన్నెండు పిల్లల లెక్క చెబుతారు, ఆవిడ నారుమడి లెక్క చెబుతుంది, రెండూ సరికి సరి అని తేల్చి టీ తాగి లేస్తారు. మీ ఇద్దరికీ మిగిలేది ఊరంతా విన్న మాటలే.

చివరిగా వాములోని పిల్లలు. వాటి విషయంలో తొందర ఉంది, అందుకే మరిచిపోవద్దు. రెండో వారం నుంచి ఏడో వారం మధ్య మనిషి చెయ్యి అలవాటైన పిల్లిపిల్ల మచ్చికవుతుంది. ఆ వయసు వాములో ఎవరూ ముట్టకుండా గడిచిపోతే అది మనిషిని చూసి బుసకొట్టే పిల్లిగా ఎదిగి, ఎవరి ఇంటికీ చెందక, తిండికి మీ దొడ్డి మీదే ఆధారపడుతుంది. కాబట్టి తల్లిని బెదరగొట్టకుండా, దానికి వాము పక్కనే కాస్త చేప అన్నం పెడుతూ, అది తినడానికి దిగిన సమయంలో రోజుకు పది నిమిషాలు పిల్లలను చేతిలోకి తీసుకోమని అత్తమ్మగారితోనే చెప్పండి, మీ ఇంట్లో పెద్దపిల్లలుంటే వారికీ అప్పగించవచ్చు. బెదిరితే తల్లి పిల్లలను నోట కరుచుకుని ఇల్లిల్లూ తిప్పుతుంది, అప్పుడు వెతుక్కోవడం మీ వల్ల కాదు. ఎనిమిది వారాలు నిండి తల్లిపాలు మానాక, మీ ఊరి చుట్టుపక్కల బియ్యం మిల్లులను, పత్తి, మిరప నిల్వచేసే గోదాములను అడిగి చూడండి. ఎలుకలతో వేగలేక పిల్లిపిల్ల కావాలని ఎదురుచూసే గుమాస్తాలు వాటిలో ఎప్పుడూ ఒకరిద్దరు ఉంటారు. ఇచ్చేముందు ఆపరేషన్ చేయించే పూచీ వారిదేనని మాట తీసుకోండి.